ఇల్లు కట్టేముందు లెక్క

గోపురము కట్టబోయేవాడు ముందు కూర్చుని ఖర్చు చూసుకోవాలన్న లూకా 14వ అధ్యాయపు మాట మనకందరికీ తెలిసినదే. మేము మాత్రం కూర్చోకుండానే పునాది తవ్వించాము. శ్లాబు వేసిన తర్వాత డబ్బు చాలక మా ఇల్లు ఏడు నెలలు ఆగిపోయింది.

పొరపాటు ఏమిటంటే, మేస్త్రీ చెప్పిన అడుగు ధరను వెయ్యి చదరపు అడుగులతో హెచ్చవేసి అదే మొత్తం ఖర్చనుకున్నాము. బోరు, సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ గోడ, కరెంటు కనెక్షను, ప్లాను రుసుము అందులో లేవు. పైగా ఆయన వరండాను, మెట్లను కలిపి కొలిచాడు. మేము గదులే కొలిచాము.

కాబట్టి సామాను లెక్క మనమే వేసుకోవాలి. వెయ్యి చదరపు అడుగుల శ్లాబు 5 అంగుళాల మందమైతే కాంక్రీటు సుమారు 417 ఘనపుటడుగులు, అంటే దాదాపు 12 ఘనపు మీటర్లు. 1:1½:3 పాళ్లలో ఘనపు మీటరుకు 8 బస్తాల చొప్పున శ్లాబుకే 95 బస్తాల సిమెంటు. బీములు వేరు.

కొలతల పేర్లు ఊరినిబట్టి మారతాయి. వలస వచ్చిన మనము ఇక్కడే తడబడతాము. బెంగుళూరులో ఒక చదరమంటే 100 చదరపు అడుగులు. ఇసుకను మహారాష్ట్రలో బ్రాసు అంటారు, తమిళనాట యూనిటు అంటారు. రెండూ 100 ఘనపుటడుగులే. లారీ లోడు లెక్కన మాత్రం కొనకండి. తొట్టిని టేపుతో కొలవండి.

బ్యాంకు అప్పు పని జరిగిన మేరకే విడతలుగా వస్తుంది గనుక పునాది డబ్బు చేతిలో ఉండాలి. అనుకోని ఖర్చుకు నూటికి పది కలుపుకోండి. మాకు బోరు రెండోసారి వేయించవలసి వచ్చింది. అమ్మాయి పెళ్లికని దాచిన గొలుసు తాకట్టు పెట్టాము. విడిపించుకొనేసరికి రెండేళ్లు పట్టింది.