దావీదు అని పేరు పెట్టే ముందు

కోవిల్‌పట్టి

అల్లుడికి,

పిల్లవాడికి దావీదు అని పేరు పెడుతున్నామని రాశావు. నాకూ మీ అత్తకూ ఎంతో సంతోషం. ఆ పేరు వినగానే అందరికీ వడిసెలా, గొల్యాతూ గుర్తొస్తాయి. తండ్రివైన నీకు మాత్రం ఇప్పుడు కావలసింది ఆ దావీదు రాజు ఇంటి కథ. బాప్తిస్మం లోగా నువ్వూ అమ్మాయీ కలిసి మొదటి సమూయేలు 16వ అధ్యాయం నుంచి మొదటి రాజులు 2వ అధ్యాయం దాకా చదవండి. గుడిలో తమిళంలో విన్నదే అయినా, ఇంట్లో మన తెలుగులో మాట్లాడుకుంటూ చదవండి.

బేత్లెహేము యెష్షయి ఎనిమిది మంది కొడుకుల్లో దావీదు కడపటివాడు. సమూయేలు ప్రవక్త వచ్చిననాడు తండ్రి ఏడుగురిని ముందు నిలబెట్టాడు. గొర్రెల దగ్గరున్న ఈ పిల్లవాణ్ణి మాత్రం ప్రవక్త అడిగాకే పిలిపించాడు. ఆ పిల్లవాడే 30వ ఏట రాజై హెబ్రోనులో ఏడున్నరేళ్లు, యెరూషలేములో 33 ఏళ్లు ఏలాడు. హెబ్రోనులోనే ఆరుగురు భార్యలకు ఆరుగురు కొడుకులు పుట్టారు.

తన సైనికుడు ఊరియా యుద్ధంలో ఉండగా అతని భార్య బత్షెబను దావీదు రప్పించుకున్నాడు. తర్వాత ఊరియాను ముందు వరసలో నిలబెట్టించి చంపించాడు. నాతాను ప్రవక్త వచ్చి, పేదవాడి గొర్రెపిల్లను లాక్కున్న ధనవంతుడి కథ చెప్పి, ఆ ధనవంతుడు నువ్వేనని ముఖం మీదే అన్నాడు. రాజు ఆయన్ను చెరసాలలో వేయించలేదు. పాపం చేశానని ఒప్పుకున్నాడు. దావీదులో నేను అన్నిటికంటే గౌరవించేది ఆ ఒప్పుకోలునే.

కానీ తనను నిలదీసినవాడి మాట విన్న ఆ మనిషి, తన కొడుకులను నిలదీయలేకపోయాడు. పెద్దకొడుకు అమ్నోను సవతి చెల్లెలు తామారును చెరిచాడు. రాజుకు చాలా కోపం వచ్చిందని రాసి ఉంది. కొడుకును శిక్షించినట్టుగానీ, కూతుర్ని దగ్గరికి తీసి ఓదార్చినట్టుగానీ ఎక్కడా లేదు. తామారు అన్న అబ్షాలోము రెండేళ్లు పగ దాచుకుని, గొర్రెల బొచ్చు కత్తిరించే విందులో అమ్నోనును చంపించి, తల్లి పుట్టిల్లయిన గెషూరుకు పారిపోయాడు. మూడేళ్లకు తిరిగొస్తే తండ్రి మరో రెండేళ్లు ముఖం చూపించలేదు. ఆ మౌనం తర్వాత వచ్చింది తండ్రి మీద తిరుగుబాటు. ఎఫ్రాయిము అడవిలో రాజు సేనాపతి యోవాబు చేతిలో అబ్షాలోము చచ్చిపోతే, కొడుకుకు బదులు నేను చనిపోయినా బాగుండేదని తండ్రి ఏడ్చాడు. దావీదు ముసలితనంలో మరో కొడుకు అదోనియా తానే రాజునని బయల్దేరాడు. తండ్రి అతణ్ణి ఏనాడూ ఎందుకిలా చేశావని అడగలేదని రాజుల గ్రంథం సూటిగా చెబుతుంది. చివరికి అతణ్ణి తమ్ముడు సొలొమోనే చంపించాడు.

అల్లుడూ, ఈ ఇంటిని కూల్చింది ప్రేమ లేకపోవడం కాదు. ప్రేమించిన తండ్రి అడగవలసిన రోజున అడగకపోవడం.

దినవృత్తాంతముల గ్రంథంలో బత్షెబతో చేసిన పాపం, తామారు దుఃఖం, అబ్షాలోము తిరుగుబాటు కనిపించవు. సమూయేలు గ్రంథం దాచకుండా రాసింది కాబట్టే మనం నేర్చుకోగలుగుతున్నాం. అలాగే మన పక్కనే ఇడైసేవల్‌లో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ మన తెలుగువాళ్ల వలస కథను తమిళంలో ‘గోపల్ల గ్రామం’ నవలగా రాసిపెట్టారు. ఇంటి కథ చెప్పేవాళ్లుంటేనే మనవళ్లకు మిగులుతుంది. మన ఇంట్లో జరిగిన మంచినీ చెడునూ నీ కొడుక్కి చెప్పు.

విరుదునగర్ బజారులో పప్పుల కొట్టు చిట్టా రోజూ రాత్రి చూసుకోకుండా నువ్వు తాళం వేయవు. ఇంటిని కూడా అంత శ్రద్ధగా చూసుకో. కొడుకు తప్పు చేస్తే ఆ రోజే కూర్చోబెట్టి అడుగు. వాడు చెప్పేది పూర్తిగా విను. రేపు కూతురు పుట్టి ఏదైనా బాధ చెప్పుకుంటే, పరువు సంగతి పక్కన పెట్టి ముందు ఆమె పక్షాన నిలబడు. అన్నదమ్ముల మధ్య మాట ఆగిపోతే వారం దాటనివ్వకు. నీ తప్పు ఎత్తిచూపేవాణ్ణి, మీ ఆవిడ అయినా సరే, నాతానులా గౌరవించు.

పేరు దావీదే పెట్టండి. వాణ్ణి అడిగే తండ్రివి నువ్వు కా.

ఇట్లు,
మీ మామయ్య