కాలనీ పచ్చిక ఎన్ని నీళ్లు తాగుతుంది?



ఈ ఆదివారం టేపు తీసుకుని పిల్లలతో మీ కాలనీ పార్కుకు వెళ్లండి. పచ్చిక పొడవు, వెడల్పు వాళ్లతోనే కొలిపించండి.

ఒక చదరపు మీటరు నేల మీద 1 మిల్లీమీటరు ఎత్తున నీరు నిలిస్తే అది సరిగ్గా 1 లీటరు. 1,000 చదరపు మీటర్ల పచ్చికకు రోజుకు 5 మిల్లీమీటర్లు పెడితే 5,000 లీటర్లు. అంటే ఒక ట్యాంకరు! బోరు ఎండితే దాన్ని కొనాల్సిందే. మిట్టమధ్యాహ్నం పైపు పడితే అందులో కొంత ఆవిరికే పోతుంది. తెల్లవారుజామున పెట్టడం మేలు.

హైదరాబాద్‌లో ఉన్నవారు వేసవిలో కేబీఆర్ పార్కు కూడా చూపించండి. జాతీయ ఉద్యానవనమైన ఈ అడవిలో చాలా చెట్లు ఎండాకాలం ఆకులు రాలుస్తాయి. చచ్చిపోయాయేమోనని పిల్లలు జాలిపడతారు (పెద్దవాళ్లమూ అంతే). నిజానికి చెట్టు నీటి ఖర్చు తగ్గించుకుంటోంది. రాలిన ఆకులు నేలను కప్పి తేమను ఆపుతాయి. మన పార్కుల్లో మాత్రం వాటిని ఊడ్చి తగలబెడుతుంటాం. ఆ ఆకుల్నే కాండానికి ఆనకుండా మొక్కల చుట్టూ రెండు అంగుళాల మందాన పరిస్తే, నీళ్లు రోజూ పెట్టక్కర్లేదు.

పచ్చికలో పిల్లలు ఆడుకునే చోటెంత, ఊరికే చూడటానికి పెంచేదెంత? రెండూ విడివిడిగా కొలిచి, లెక్కల నోటుబుక్కులో రాయించి సోమవారం పంపండి.