జేబులోని భాండాగారం

పాఠ్యభాగ పరిచయం

విద్యను ఆర్జించడం ఎంత ముఖ్యమో, ఆర్జించినదానిని భద్రపరచుకోవడం అంత ముఖ్యం. నేటి విద్యార్థి వ్రాసుకొన్న వ్యాసాలు, ప్రాజెక్టు నివేదికలు, మార్కుల పత్రాల నకళ్ళు, ఇంటిల్లిపాది ఛాయాచిత్రాలు అన్నీ డిజిటల్ రూపంలోనే ఉంటున్నాయి. వాటిని వెంట తీసుకొనిపోవడానికి తోడ్పడే చిన్న సాధనం యు.ఎస్.బి. ఫ్లాష్ డ్రైవ్. వాడుకలో దీనినే మనం పెన్‌డ్రైవ్ అంటున్నాం. దాని పుట్టుపూర్వోత్తరాలను, పనిచేసే తీరును, ఎంపికలోను వాడకంలోను పాటించవలసిన జాగ్రత్తలను తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

అక్షరం కాలగర్భంలో కలిసిపోకుండా కాపాడుకోవాలనే తపన మానవునికి అనాదిగా ఉంది. అతడు శిలపై చెక్కాడు, రాగిరేకుపై మలిచాడు, తాటాకుపై గంటంతో వ్రాశాడు. శిల చిరకాలం నిలుస్తుంది గాని కదలదు. తాటాకు తేలికైనది; కట్టగా కట్టి ఊరూరా తీసుకొనిపోవచ్చు. అయితే అది చెమ్మకు, చెదకు, అగ్నికి సులభంగా లోబడుతుంది. అందువల్లనే మన పూర్వులు ఒక తాళపత్ర గ్రంథం శిథిలం కాకముందే దానికి మరొక ప్రతిని వ్రాయించేవారు. తాళ్ళపాక కవుల సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయంలోని ఒక అరలో భద్రపరచినందువల్లనే అవి శతాబ్దాల తరువాత కూడా మనకు దక్కాయి. పంతొమ్మిదవ శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు తాళపత్రాలను సేకరించి, పండితులను నియమించి, వాటికి ప్రతులు వ్రాయించాడు. అలా ప్రతులు పుట్టని గ్రంథాలెన్నో పేరు మాత్రమే మిగిల్చి మాయమైపోయాయి.

సాధనం మారింది గాని, దానిని ఎన్నుకొనేవాని ముందున్న ప్రశ్నలు మారలేదు. ఇందులో ఎంత పడుతుంది? ఎంత వేగంగా వ్రాయవచ్చు? ఎంతకాలం నిలుస్తుంది? పెన్‌డ్రైవ్ కొనబోయే విద్యార్థి కూడా ఈ మూడు ప్రశ్నలనే వేసుకోవాలి.

ఆవిర్భావం

పెన్‌డ్రైవ్‌కు ఆధారమైన ఫ్లాష్ మెమరీని జపాన్ దేశంలోని తోషిబా సంస్థలో ఫుజియో మసువోకా అనే ఇంజనీరు రూపొందించాడు. 1984లో అది లోకానికి వెల్లడైంది. నేటి పెన్‌డ్రైవులలో వాడే నాండ్ రకం మెమరీని 1987లో ప్రకటించారు. ఇందులోని సమాచారం ఒక్కుమ్మడిగా చెరిగిపోయే తీరు కెమెరా ఫ్లాష్ మెరుపును తలపించడంతో, సహోద్యోగి ఒకరు దీనికి ఆ పేరు సూచించారు.

మెమరీని కంప్యూటరుతో కలపడానికి ఒక ద్వారం కావాలి. ఆ ద్వారమే యు.ఎస్.బి. దీని తొలి ప్రమాణం 1996లో వెలువడింది. దాని రూపకల్పనలో ప్రముఖ పాత్ర వహించిన అజయ్ భట్ బరోడాలో విద్యాభ్యాసం చేసిన భారతీయుడు కావడం మనకు గర్వకారణం. 2000 సంవత్సరంలో సింగపూర్‌కు చెందిన ట్రెక్ సంస్థ థంబ్‌డ్రైవ్ పేరుతోను, ఇజ్రాయెల్‌కు చెందిన ఎం-సిస్టమ్స్ సంస్థ డిస్క్ ఆన్ కీ పేరుతోను ఈ సాధనాన్ని విపణిలోకి తెచ్చాయి. ఆనాటి డిస్క్ ఆన్ కీలో పట్టింది 8 మెగాబైట్లు మాత్రమే. అయినా 1.44 మెగాబైట్ల ఫ్లాపీతో పోలిస్తే అది ఐదింతలకు మించినది. నేడు సామాన్యంగా దొరికే 64 గిగాబైట్ల పెన్‌డ్రైవ్‌లో దానికి ఎనిమిదివేల రెట్ల సమాచారం పడుతుంది.

పనిచేసే తీరు

పెన్‌డ్రైవ్‌లో తిరిగే భాగాలు ఉండవు. లోపల ప్రధానంగా రెండు చిప్పులుంటాయి. ఒకటి సమాచారాన్ని దాచే మెమరీ చిప్పు. రెండవది దానిని నడిపించే నియంత్రక చిప్పు. మెమరీ చిప్పులో కంటికి కనిపించని కోట్లాది గదులు ఉంటాయి. ప్రతి గదిలోను విద్యుదావేశాన్ని ఒక పలుచని బంధక పొర వెనుక బంధిస్తారు. కంప్యూటరు నుంచి తీసివేసినా ఆ ఆవేశం అక్కడే నిలిచి ఉంటుంది గనుక సమాచారం చెరిగిపోదు.

అయితే ఈ బందోబస్తు శాశ్వతం కాదు. చెరిపి వ్రాసిన ప్రతిసారీ ఆ పొర కొంత అరిగిపోతుంది. వాడకుండా ఏళ్ళ తరబడి ఉంచినా ఆవేశం కొద్దికొద్దిగా జారిపోతుంది. కాబట్టి పెన్‌డ్రైవ్ సమాచారాన్ని ఒకచోటి నుంచి మరొకచోటికి చేర్చే వాహకమే గాని, తరతరాలకు అందించే శాసనం కాదు. ఈ సత్యాన్ని గ్రహించినవాడు కొనడంలోను, వాడడంలోను పొరబడడు.

ఎంపికలో గమనించవలసినవి

మొదటిది పరిమాణం. పాఠాలు, నివేదికలు, ధ్రువపత్రాల నకళ్ళు దాచుకోవడానికి 32 గిగాబైట్లు ధారాళంగా సరిపోతాయి. వీడియోలు కూడా దాచదలచినవారు 64 గాని, 128 గాని ఎన్నుకోవచ్చు. 64 అని వ్రాసి ఉన్న డ్రైవ్‌ను విండోస్ కంప్యూటరుకు తగిలిస్తే 60 కంటె కొంచెం తక్కువే కనిపిస్తుంది. ఇందులో మోసం లేదు. తయారీదారు వేయి చొప్పున లెక్కిస్తాడు. కంప్యూటరు 1024 చొప్పున లెక్కిస్తుంది. ఒకే ధాన్యరాశిని రెండు వేర్వేరు కుంచాలతో కొలిచినట్లన్నమాట.

రెండవది వేగం. ఇందులో పఠన వేగం, లేఖన వేగం అని రెండు ఉన్నాయి. డ్రైవ్ నుంచి కంప్యూటరుకు తీసుకొనే వేగం మొదటిది. కంప్యూటరు నుంచి డ్రైవ్‌లోకి ఎక్కించే వేగం రెండవది. పెట్టెపై పెద్ద అక్షరాలతో కనిపించేది సాధారణంగా పఠన వేగమే. లేఖన వేగం అంతకంటె చాలా తక్కువగా ఉండవచ్చు. దీని ప్రభావం ఎంతటిదో చిన్న లెక్కతో తెలుస్తుంది. 3,000 మెగాబైట్ల సమాచారాన్ని సెకనుకు 10 మెగాబైట్ల వేగంతో ఎక్కించడానికి 300 సెకన్లు, అనగా ఐదు నిమిషాలు పడుతుంది. సెకనుకు 100 మెగాబైట్ల వేగంతో అయితే అరనిమిషం చాలు. వందలాది చిన్న ఫైళ్ళకు అదే పరిమాణంగల ఒక్క పెద్ద ఫైలు కంటె ఎక్కువ సమయం పడుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

వేగం డ్రైవ్‌పై మాత్రమే గాక ద్వారంపై కూడా ఆధారపడుతుంది. 2000లో వచ్చిన యు.ఎస్.బి. 2.0 గరిష్ఠ వేగం సెకనుకు 480 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక ఇది 60 మెగాబైట్లకు సమానం. వాడకంలో అంత కూడా దక్కదు. 2008లో వచ్చిన 3.0 ప్రమాణపు గరిష్ఠ వేగం సెకనుకు 5 గిగాబిట్లు. ఈ రకం ద్వారాల లోపలి భాగం సాధారణంగా నీలిరంగులో ఉంటుంది. కొత్త డ్రైవ్‌ను పాత ద్వారంలో పెట్టినా పనిచేస్తుంది గాని, పాత వేగమే లభిస్తుంది. ఇరుకు సందులో మేలుజాతి గుర్రమైనా నడకకే పరిమితం కదా! ఇక 3.0 అన్న అంకె ద్వారం సామర్థ్యాన్ని మాత్రమే తెలుపుతుంది. లోపలి మెమరీ నాసిరకమైతే ద్వారం విశాలమైనా ఫలితం ఉండదు.

మూడవది అతుకు. కంప్యూటర్లలో చిరకాలంగా ఉన్న దీర్ఘచతురస్రాకారపు అతుకును టైప్-ఎ అంటారు. సెల్‌ఫోన్లలోను, కొత్త ల్యాప్‌టాప్‌లలోను కనిపించే చిన్న అతుకు టైప్-సి. ఇటు ఫోనుకు, అటు కళాశాల కంప్యూటరుకు తగిలించవలసి వచ్చేవారికి రెండు కొసలా రెండు అతుకులున్న డ్రైవ్ ఉపయుక్తం.

నాలుగవది ప్రామాణికత. సంతలో అతి చవకగా దొరికే భారీ పరిమాణపు డ్రైవులలో నకిలీవి ఉంటాయి. వాటి నియంత్రక చిప్పు లేని పరిమాణాన్ని ఉన్నట్లు చూపుతుంది. అసలు మెమరీ నిండిన తరువాత ఎక్కించిన ఫైళ్ళ పేర్లు కనిపిస్తాయి. తెరిస్తే లోపల ఏమీ ఉండదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కంటె, రసీదు, వారంటీ ఇచ్చే దుకాణంలో కొని, ఇంటికి రాగానే డ్రైవ్‌ను నిండుగా నింపి, ఆ ఫైళ్ళన్నీ తెరుచుకొంటున్నాయో లేదో చూసుకోవడం మేలు.

వాడకంలో జాగ్రత్తలు

కంప్యూటరు తెరపై ఎక్కించడం పూర్తయినట్లు కనిపించినా లోపల పని మిగిలి ఉండవచ్చు. కాబట్టి సురక్షితంగా తొలగించమని కంప్యూటరుకు ఆదేశమిచ్చిన తరువాతనే డ్రైవ్‌ను బయటకు లాగాలి. పాత ఫ్యాట్32 అమరికలో 4 గిగాబైట్లకు మించిన ఒకే ఫైలు పట్టదు. పెద్ద వీడియోలు దాచేవారు ఎక్స్‌ఫ్యాట్ అమరికను ఎన్నుకోవాలి. అమరిక మార్చినప్పుడు ఉన్న సమాచారం చెరిగిపోతుంది గనుక ముందుగా దానిని వేరొకచోట దాచుకోవాలి.

దారిలో దొరికిన డ్రైవ్‌ను, ఎవరిదో తెలియని డ్రైవ్‌ను కంప్యూటరుకు తగిలించరాదు. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే హానికర ప్రోగ్రాము ఇలాంటి డ్రైవుల ద్వారానే వ్యాపించి, ఇరాన్ అణుకేంద్రంలోని యంత్రాలకు నష్టం కలిగించింది. ఆధార్, బ్యాంకు వివరాలవంటివి డ్రైవ్‌లో ఉంచవలసి వస్తే వాటికి సంకేతపదంతో తాళం వేయాలి. నెట్ సెంటర్‌లో ముద్రణ కోసం ఇచ్చే డ్రైవ్‌లో ఆ ఒక్క ఫైలు మాత్రమే ఉండడం క్షేమకరం.

అన్నిటికంటె అత్యవసరమైనది రెండవ ప్రతి. డ్రైవ్ వేగవంతమైనదైనా, ఖరీదైనదైనా జేబులోంచి జారిపోకుండా తనను తాను కాపాడుకోలేదు. కౌన్సెలింగు నాటి ఉదయం ధ్రువపత్రాల నకళ్ళు తెరుచుకోకపోతే, ఏడాది శ్రమతో వ్రాసిన నివేదిక సమర్పించవలసిన రోజున మాయమైతే, డ్రైవ్ ఖరీదు తిరిగి వచ్చినా పోయిన కాలం తిరిగిరాదు. కాబట్టి ముఖ్యమైన ప్రతి ఫైలుకు ఇంటి కంప్యూటరులోనో, ఆన్‌లైన్ నిల్వలోనో, మరొక డ్రైవ్‌లోనో రెండవ ప్రతి ఉంచుకోవాలి. ఏడాదికొకసారి తెరిచి సరిచూసుకోవాలి. తాటాకు శిథిలం కాకముందే మరొక తాటాకుపై ఎక్కించిన లేఖకుని దూరదృష్టి నేటి విద్యార్థికీ ఆదర్శం కావాలి.

అర్థాలు

భాండాగారం = విలువైన వస్తువులు దాచే చోటు
గంటం = తాటాకుపై వ్రాసే ఇనుప సాధనం
విపణి = అంగడి, మార్కెట్టు
ఒక్కుమ్మడిగా = ఒక్కసారిగా
బంధక పొర = విద్యుత్తును పోనీయని పొర
వాహకం = మోసుకొనిపోయేది
కుంచం = ధాన్యం కొలిచే పాత్ర
లేఖకుడు = వ్రాసేవాడు, వ్రాయసకాడు

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. పెన్‌డ్రైవ్ ఎంపికలో గమనించవలసిన అంశాలను వివరించండి.
2. సమాచార భద్రత విషయంలో తాళపత్ర సంప్రదాయం నుంచి నేటి విద్యార్థి నేర్చుకోవలసినదేమిటో చర్చించండి.

ఆ) సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. పెన్‌డ్రైవ్ శాశ్వత నిల్వకు ఎందుకు తగదు?
2. నకిలీ డ్రైవ్ వినియోగదారుని ఎలా మోసగిస్తుంది?
3. సెకనుకు 20 మెగాబైట్ల లేఖన వేగంగల డ్రైవ్‌లోకి 2,400 మెగాబైట్లు ఎక్కించడానికి ఎంత సమయం పడుతుంది?

ఇ) ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. ఫ్లాష్ మెమరీని రూపొందించినవారెవరు?
2. యు.ఎస్.బి. తొలి ప్రమాణం ఏ సంవత్సరంలో వెలువడింది?
3. తాళ్ళపాక కవుల సంకీర్తనలను వేటిపై చెక్కించారు?

ఈ) సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. ఒకే ధాన్యరాశిని రెండు వేర్వేరు కుంచాలతో కొలిచినట్లన్నమాట.
2. డ్రైవ్ ఖరీదు తిరిగి వచ్చినా పోయిన కాలం తిరిగిరాదు.

ఉ) సంధులు
భాండ + ఆగారం = భాండాగారం – సవర్ణదీర్ఘ సంధి
అతి + అవసరం = అత్యవసరం – యణాదేశ సంధి
విద్యుత్ + ఆవేశం = విద్యుదావేశం – జశ్త్వ సంధి

ఊ) సమాసాలు
లేఖన వేగం – లేఖనం యొక్క వేగం – షష్ఠీ తత్పురుష సమాసం
రెండు ప్రతులు – రెండైన ప్రతులు – ద్విగు సమాసం