గ్రామసభలో టెలివిజన్ తెర - ల్యాప్‌టాప్ బొమ్మ కానరానప్పుడు చేయవలసిన పనులు

గ్రామ పంచాయతీ చేయు పనులలో ప్రజల కంటికి కానవచ్చునవి కొన్ని, కానరానివి కొన్ని. వేసిన బాట, తీసిన మురుగు కాలువ, వెలిగిన వీధిదీపము అందరికిని కనిపించును. వచ్చిన నిధి యెంత, ఖర్చైన దెంత, మిగిలిన దెంత అను లెక్క మాత్రము కానరాదు. ఆ లెక్కను ప్రజల యెదుట పెట్టుటకే గ్రామసభ యేర్పడినది. 2018 సంవత్సరపు తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము ననుసరించి రెండు నెలలకు ఒక పర్యాయమైనను గ్రామసభ జరుగవలెను.

పూర్వము కార్యదర్శి రిజిస్టరు తెరచి లెక్కలు చదువుచుండగా ముందు వరుసలవారు వినెడివారు. వెనుక వరుసలవారు తలలూపెడివారు. నేడు ఆ పరిస్థితి మారినది. 2020 ఏప్రిల్ 24వ తేదీన కేంద్ర ప్రభుత్వము ఈ-గ్రామ్‌స్వరాజ్ అను కంప్యూటరు ఏర్పాటును ప్రారంభించిన తరువాత పంచాయతీల ప్రణాళికలు, ఖర్చులు అందులో నమోదగుచున్నవి. ల్యాప్‌టాప్‌ను పెద్ద టెలివిజన్‌కు కలిపినచో ఏబది మంది ఒకేసారి ఆ లెక్కను చూడగలరు. చదువు తక్కువైనవారు సైతము అంకెలను పోల్చుకొనగలరు.

కాని జగిత్యాల జిల్లా సారంగాపూర్ మండలము వంటి గ్రామీణ ప్రాంతములో బీడీలు చుట్టు స్త్రీలును, నాట్లనుండి వచ్చిన కూలీలును ఒక గంట తీరిక చేసికొని సభకు వచ్చినారనుకొందము. ఆ గంటలో సగము టెలివిజన్ నల్లగా నుండిపోయినచో వారు లేచి పోవుదురు. మిగిలిన నలుగురి యెదుట తీర్మానము నెగ్గును. మరునాడు ఊరిలో, "లెక్క చూపకుండ తప్పించుకొనిరి" అను మాట పుట్టును. ఒక తీగ వదులైనందువలన పంచాయతీ మీది నమ్మకము వదులగుట తగదు. కాన ఈ చిన్న విద్యను ప్రతి సభ్యుడును నేర్చుకొనవలెనని మా మనవి.

పల్లెకు టెలివిజన్ కొత్త కాదు

1975 ఆగస్టు 1వ తేదీనుండి 1976 జూలై 31వ తేదీవరకు ఎ.టి.ఎస్.-6 అను ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజన్ కార్యక్రమములు అందినవి. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్ల గూటికి వాడు వల వంటి ఇనుప జాలితో చేసిన పది అడుగుల గొడుగును నిలిపి, దానికి పెట్టెను కలిపి, ఊరివారందరును ఒకచోట కూర్చుండి చూచెడివారు. పెట్టెను కాపాడుటకును, వేళకు నడుపుటకును ఊరిలో నొకరికి బాధ్యత నొప్పగించిరి. యంత్రము కొన్నంత మాత్రమున పని జరుగదనియు, దానిని కనిపెట్టుకొని యుండు మనిషి కావలెననియు నాటి ప్రయోగము తెలిపినది. నేటికిని ఆ మాట నిజము.

బొమ్మ నడచు దారి

రోగము తెలిసిననే గాని మందు కుదరదు. చెరువులోని నీరు మడికి చేరుటకు తూము తెరచుకొనవలెను, కాలువ తెగకుండ నుండవలెను, మడి గట్టుకు గండి యుండవలెను. అటులనే ల్యాప్‌టాప్‌లోని బొమ్మకును నాలుగు మజిలీలు కలవు. ల్యాప్‌టాప్ చెరువు, దాని ప్రక్కనుండు సాకెట్టు తూము, తీగ కాలువ, టెలివిజన్ వెనుకనుండు సాకెట్టు మడి గండి. ఈ నాలుగింటిలో ఎచ్చట అడ్డు తగిలినను తెర ఎండిపోవును.

అయితే ఒక భేదము కలదు. నీరు పైనుండి క్రిందికి మాత్రమే పారును. హెచ్.డి.ఎం.ఐ. అను నేటి తీగలో టెలివిజన్‌నుండి ల్యాప్‌టాప్‌కు కూడ కబురు పోవును. "నా వెడల్పు ఇంత, పొడవు ఇంత, ఇట్టి బొమ్మను నేను చూపగలను" అని టెలివిజన్ ముందుగా తెలిపిన పిదప ల్యాప్‌టాప్ తగిన బొమ్మను పంపును. ఆ కబురు అందనిచో రెండు యంత్రములును బాగుగ నున్నను బొమ్మ రాదు. యంత్రములను ఆర్పి, వరుస తప్పక మరల వెలిగించినంతనే అనేక చిక్కులు తీరుటకు కారణ మిదియే.

తెర చెప్పు మాటను వినుడు

తెర మీద ఏమి కనిపించుచున్నదో ముందుగా గమనింపవలెను. "నో సిగ్నల్" అని వచ్చినచో బొమ్మ టెలివిజన్ దాక రాలేదని యర్థము. "నాట్ సపోర్టెడ్" అను విధమైన మాట వచ్చినచో బొమ్మ వచ్చినది గాని టెలివిజన్‌కు సరిపడలేదని యర్థము. రంగుల వెనుకబొమ్మ మాత్రము కనిపించి, లెక్కల కాగితము కానరానిచో చెడినది ఏదియు లేదు; అమరిక మాత్రమే మారవలెను. ఈ మూడింటికి మూడు వేరువేరు చికిత్సలు.

"నో సిగ్నల్" అన్నప్పుడు

1. టెలివిజన్ రిమోట్ మీద సోర్స్ లేక ఇన్‌పుట్ అను మీట నొక్కవలెను. టెలివిజన్ వెనుక సాకెట్లకు 1, 2, 3 అని అంకెలు వేసియుండును. తీగ రెండవదానిలో నుండగా రిమోట్‌తో ఒకటవదానిని ఎన్నుకొన్నచో ఎంతసేపు చూచినను ఫలము లేదు. పొరుగు మడికి నీరు పెట్టి మన మడి తడియలేదని విచారించినట్లుండును.

2. తీగ రెండు కొనలను పూర్తిగా ఊడదీసి, నేరుగా లోనికి పోవునట్లు మరల పెట్టవలెను. గోడకు బిగించిన టెలివిజన్లలో తీగ వంగి, కొన సగము బయటకు వచ్చియుండుట తరచు జరుగును. సాకెట్టులో దుమ్ము, పురుగుల గూళ్లు ఉన్నవేమో చూడవలెను. లోపల పుల్లలతోను, సూదులతోను గెలుకరాదు.

3. ల్యాప్‌టాప్‌లో విండోస్ గుర్తుగల మీటను పట్టుకొని పి అను మీట నొక్కవలెను. నాలుగు మార్గములు కనిపించును. మొదటిది ల్యాప్‌టాప్ తెరకు మాత్రమే బొమ్మ నిచ్చును. రెండవది, అనగా డూప్లికేట్, రెండు తెరల మీదను ఒకే బొమ్మ చూపును. మూడవది, అనగా ఎక్స్‌టెండ్, రెండింటిని కలిపి ఒకే పొడవైన బల్లవలె చేయును. నాలుగవది టెలివిజన్‌కు మాత్రమే బొమ్మ నిచ్చును. గ్రామసభకు రెండవదియే తగినది.

4. అప్పటికిని రానిచో రెండు యంత్రములను ఆర్పి, టెలివిజన్ ప్లగ్గును తీసి, ఒక నిమిషము ఆగవలెను. పిమ్మట తీగను కలిపి, ముందుగా టెలివిజన్‌ను వెలిగించి, సోర్స్ ఎన్నుకొని, తరువాత ల్యాప్‌టాప్‌ను వెలిగింపవలెను.

5. ల్యాప్‌టాప్ నడచుచుండగనే బొమ్మ ఆగిపోయినచో విండోస్, కంట్రోల్, షిఫ్ట్ మీటలను మూడింటిని పట్టుకొని బి నొక్కవలెను. తెర ఒకసారి మినుకుమని బొమ్మ గీయు భాగము మరల మొదలగును. తెరచియున్న కాగితములకు నష్టము లేదు.

బాగున్నదానితో పోల్చుట

ఇంతవరకు చేసినను ఫలము లేనిచో దోషము ఎచ్చటనో తేల్చవలెను. ఇందుకు మెకానిక్కు అక్కరలేదు. డిష్ పెట్టెకు హెచ్.డి.ఎం.ఐ. తీగ యున్నచో అదియే మన తూనికరాయి. ఆ పెట్టె బొమ్మ టెలివిజన్‌లో కనిపించుచున్నచో ఆ తీగయు, ఆ సాకెట్టును మంచివని తేలినది. ఆ తీగను డిష్ పెట్టెనుండి తీసి ల్యాప్‌టాప్‌కు పెట్టవలెను. రెండవ కొనను కదపరాదు. బొమ్మ వచ్చినచో మన పాత తీగయో, పాత సాకెట్టో చెడినది. రానిచో దోషము ల్యాప్‌టాప్‌లో గాని దాని అమరికలో గాని కలదు.

ఒక్కొక్క మార్పే చేయవలెనను నియమమును మరువరాదు. నలుగురు నాలుగు చేతులతో తీగను, రిమోట్‌ను, మీటలను ఒకేసారి మార్చినచో బొమ్మ వచ్చినను ఏల వచ్చినదో తెలియదు. మరుసటి సభలో మరల అదే తిప్పలు. ఈ పోలిక పంచాయతీ ధనమునకును రక్ష. తీగ చెడినచో కొన్ని వందల రూపాయలతో పోవును. దోషము తేల్చకయే టెలివిజన్ చెడినదని కొత్తదానికి తీర్మానము చేసినచో వేల రూపాయలు పోవును. కొత్త టెలివిజన్ కూడ ఆ పాత తీగతో నల్లగనే యుండును.

పాత ల్యాప్‌టాప్, కొత్త టెలివిజన్

కొన్ని పాత ల్యాప్‌టాప్‌లకు హెచ్.డి.ఎం.ఐ. సాకెట్టు లేక, పదునైదు రంధ్రములు గల వి.జి.ఏ. సాకెట్టు మాత్రమే యుండును. ఇది 1987లో వచ్చిన పద్ధతి. దీనిలో బొమ్మ మాత్రమే పోవును, ధ్వని పోదు. దీని భాషయు, హెచ్.డి.ఎం.ఐ. భాషయు వేరు. కనుక రెండు కొనలకు రెండు విధముల ప్లగ్గులున్న ఉత్త తీగ చాలదు. నడుమ భాష మార్చు చిన్న పెట్టె, అనగా కన్వర్టరు, కావలెను. దానికి కరెంటు అందించు సన్నని తీగ యున్నచో దానిని కూడ కలుపవలెను. కొనునప్పుడు వి.జి.ఏ. నుండి హెచ్.డి.ఎం.ఐ.కి మార్చునదేనా యని అడుగవలెను, తలక్రిందుది పనికిరాదు.

కొత్త ల్యాప్‌టాప్‌లలో టైప్-సి అను చిన్న సాకెట్టు కలదు. చూచుటకు అన్నియు ఒకటిగనే యున్నను, అన్నియు బొమ్మను పంపవు. కొన్ని చార్జింగుకును, కాగితముల బదిలీకిని మాత్రమే. ఆ ల్యాప్‌టాప్‌తో వచ్చిన పుస్తకము చూచిన పిదపనే దానికి తగిన తీగను కొనవలెను.

బొమ్మ వచ్చిన తరువాతి చిక్కులు

తెర సరిపడలేదని టెలివిజన్ చెప్పినచో ల్యాప్‌టాప్‌లో ఖాళీ స్థలమున కుడి మీట నొక్కి, డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరచి, 1920×1080 గాని 1280×720 గాని ఎన్నుకొనవలెను. వేగము 60 హెర్ట్జ్ ఉండవలెను. మార్పు కుదరక తెర నల్లనైనను భయపడరాదు. ఒప్పుకొను మీట నొక్కనిచో కొన్ని క్షణములకు పాత అమరికయే తిరిగి వచ్చును.

వెనుకబొమ్మ మాత్రమే కనిపించినచో అమరిక ఎక్స్‌టెండ్‌లో నున్నదని గ్రహించి డూప్లికేట్‌కు మార్చవలెను.

బొమ్మ అంచులు తెగిపోవుట సామాన్యముగ కనిపించు చిక్కు. సినిమాలో అంచు తెగినను నష్టము లేదు. లెక్కల పట్టికలో అట్లు కాదు. చివరి వరుసలోనే మొత్తము ఉండును. మొత్తము కానరాని లెక్క సందేహమునకు విత్తనము. రిమోట్‌తో పిక్చర్ సైజ్ తెరచి, తెరకు సరిగా అమరు పద్ధతిని ఎన్నుకొన్నచో అంచులు కనిపించును.

బొమ్మ వచ్చి ధ్వని రానిచో ల్యాప్‌టాప్ క్రింది మూలనున్న స్పీకరు గుర్తును నొక్కి, ధ్వని పోవలసిన చోటుగా టెలివిజన్ పేరును ఎన్నుకొనవలెను.

జాగ్రత్తలు

తడి చేతులతో తీగలను ముట్టరాదు. ల్యాప్‌టాప్ లోహపు భాగమును గాని, తీగ కొనను గాని తాకినప్పుడు చురుక్కుమన్నచో ఎర్తింగు సరిగా లేదని శంకించి, స్విచ్చి ఆర్పి, ఎలక్ట్రీషియనుచే చూపింపవలెను. ఉరుములు మెరుపులు గల వేళ టెలివిజన్ ప్లగ్గును, డిష్ తీగను తీసివేయవలెను. పొడవైన తీగ కావలెనని పదిహేను మీటర్ల చౌక తీగ కొనరాదు. దూరము పెరిగినకొలది బొమ్మ సన్నగిల్లి మినుకు మినుకుమనును. ల్యాప్‌టాప్‌నే టెలివిజన్ దగ్గరకు జరుపుట మేలు.

సభకు ముందురోజు

విత్తనము చల్లుటకు ముందు నేల దున్నినట్లు, సభకు ముందురోజు సాయంత్రమే ఒకసారి అన్నియు కలిపి చూడవలెను. చూపదలచిన కాగితములను ల్యాప్‌టాప్‌లోనే భద్రపరచవలెను. సభ వేళకు ఇంటర్నెట్టు అందకపోవచ్చును. అక్షరములు వెనుక వరుసకు కనిపించునంత పెద్దవిగా నుండవలెను. చార్జరు దగ్గర పెట్టుకొనవలెను. బ్యాటరీ తగ్గినప్పుడు ల్యాప్‌టాప్ తనంత తానే నిద్రించును. ఏ తీగ ఏ సాకెట్టులో పెట్టవలెనో ఒక చీటీ వ్రాసి టెలివిజన్ వెనుక అంటింపవలెను. మంచి తీగను విడిగా సంచిలో పెట్టి పంచాయతీ బీరువాలో భద్రపరచవలెను. ఈ పని కార్యదర్శి యొక్కరికే విడువక, ఒక వార్డు సభ్యునికిని, చదువుకొన్న ఒక యువతికో యువకునికో కూడ నేర్పవలెను. కార్యదర్శి బదిలీయై పోయినను విద్య ఊరిలో నిలుచును.

ఇన్ని చేసినను ఆ దినము కరెంటే పోవచ్చును. అందుచేత లెక్కల ప్రతిని కాగితము మీద తీసి సిద్ధముగ నుంచవలెను. పది నిమిషములలో తెర వెలుగనిచో ప్రయత్నము మాని, లెక్కను బిగ్గరగా చదివి, ముఖ్యమైన అంకెలను నల్లబల్ల మీద వ్రాసి చూపవలెను. యంత్రము పేరు చెప్పి సభను వాయిదా వేయరాదు. లెక్క అడుగు హక్కు ప్రజలది; అది టెలివిజన్ వెలుగుట మీద ఆధారపడి లేదు.

పెంబట్ల యైనను, రేచపల్లి యైనను, లచ్చక్కపేట యైనను ప్రతి పంచాయతీలోను ఈ విద్య తెలిసిన ఇద్దరు ముగ్గురు ఉన్నచో పట్టణమునుండి మనిషి రావలెనని ఎదురుచూడ నక్కరలేదు. చెరువు తూము తీయుట, మూయుట మన పెద్దలకు ఎవరును బడిలో నేర్పలేదు, అవసరము నేర్పినది. ఈ కొత్త తూమును కూడ మన సభ్యులు అటులనే స్వాధీనము చేసికొందురనియు, రాబోవు గ్రామసభలో వెనుక వరుసలోని అవ్వ సైతము మొత్తము అంకెను చూచి ప్రశ్న అడుగగలదనియు మేము ఆశించుచున్నాము.