పిల్లలు చూచి నేర్చుకొందురు

ద్వితీయోపదేశకాండము 6:6, 7 వచనముల వరుస గమనించండి. ఆజ్ఞలు ముందు పెద్దల హృదయములో ఉండవలెను. పిల్లలకు నేర్పుట ఆ తరువాత.

1866లో ఒంగోలు వచ్చిన క్లౌ దొరగారు కొత్త విశ్వాసులను ముఖ్యముగా కోరినవి మూడు: ఆదివారము పని మానుట, చచ్చిన పశువు మాంసము ముట్టకుండుట, విగ్రహములకు మ్రొక్కకుండుట. ఆదివారము పని మానినందుకు మన పూర్వికులు ఊరిపెద్దల కోపమునకు గురియైనారు. చదువురాని ఆ ఇండ్లలో పిల్లలకు ఆజ్ఞ కూటికుండ దగ్గరే కనబడేది.

నా సంగతి చెప్పుటకు సిగ్గే. ఒక ఆదివారము శివాజీనగర్ బస్సులో మనుమని వయస్సు తగ్గించి చెప్పి అర టికెట్టు తీసికొన్నాను. వాడు సండేస్కూలుకు తొమ్మిదవ ఆజ్ఞ వల్లె వేసికొనుచున్నాడు. ఆపి, "తాతయ్యా, నాకెన్నేండ్లు?" అన్నాడు.

కండక్టరును పిలిచి మిగతా డబ్బు ఇచ్చాను. వాడు మరల వల్లె వేయసాగాడు.