చలికాలంలో ఈనిన బర్రె

గోదావరిఖని. ఖని అంటే గని. గోదావరి ఒడ్డున ఉన్న గని కాబట్టి ఆ పేరు వచ్చింది. గోదావరిఖని, రామగుండం చుట్టుపక్కల చాలా ఇళ్లకు రెండు ఆధారాలు. ఒకటి బొగ్గుబాయి. రెండోది బర్రె.

బాయి మీద డ్యూటీ ఎక్కువగా మగవాళ్లది. కొట్టంలో పని ఎక్కువగా ఆడవాళ్లది. గడ్డి వేసేది, పేడ తీసేది, కుడితి పెట్టేది, పాలు పితికేది వాళ్లే. బర్రె ఈనే రాత్రి మేలుకొని ఉండేది కూడా వాళ్లే.

ఒకప్పుడు బర్రెలు బీళ్లలో మేసేవి. ఓపెన్ కాస్టు గనులు వచ్చిన చోట ఆ బీళ్లు పోయాయి. గనిలోంచి తీసిన మట్టి గుట్టలుగా పడింది. మేపే జాగా తగ్గింది. గడ్డి కొని వేయాల్సి వస్తోంది. ఇంత ఖర్చు పెట్టి సాకిన బర్రె ఈనినాక దూడ చనిపోతే ఆ ఇంటికి పెద్ద దెబ్బ. చాలా బర్రెలు దూడ లేకపోతే చేపవు. పాలు ఇవ్వవు.

చలికాలంలోనే ఎందుకు?

బర్రెకు ఎండ పడదు. ఎండాకాలంలో ఎద సరిగా కనబడదు. చల్లని నెలల్లో ఎక్కువగా ఎదకు వస్తుంది. అప్పుడు చూడి కట్టిన బర్రె పది నెలల తర్వాత ఈనుతుంది. అందుకే వానాకాలం నడుమ నుంచి చలికాలం దాకా ఈతలు ఎక్కువ.

రామగుండం ఎండలకు పేరు పడ్డ ఊరు. కానీ డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రాత్రులు చలి 10 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. అప్పుడే పుట్టిన దూడ ఒళ్లంతా తడిగా ఉంటుంది. ఆ చలి దానికి చాలా ఎక్కువ.

తేదీ రాసి పెట్టుకోవాలి

బర్రెను దున్నకు కట్టించిన రోజు గానీ, సూది వేయించిన రోజు గానీ క్యాలెండర్ మీద రాయాలి. ఇది చాలా ముఖ్యం. చదువు నేర్చుకున్న చేతికి ఇది మంచి పని.

ఆవు సుమారు 280 రోజులు మోస్తుంది. బర్రె సుమారు 310 రోజులు మోస్తుంది. పెద్దలు ఆవుకు తొమ్మిది నెలల తొమ్మిది రోజులు, బర్రెకు పది నెలల పది రోజులు అంటారు. కొన్ని రోజులు అటూ ఇటూ కావచ్చు.

బర్రెకు మార్చి 1న సూది వేయించారు అనుకుందాం. జనవరి 5 ప్రాంతంలో ఈనుతుంది. ఈనే ముందు రెండు నెలలు పాలు పితకడం ఆపాలి. అంటే నవంబరు మొదటి వారంలో ఆపాలి. ఆ రెండు నెలల్లో కడుపులోని దూడ బాగా పెరుగుతుంది. బర్రె పొదుగుకు కూడా విశ్రాంతి దొరుకుతుంది.

కొట్టం సిద్ధం చేయాలి

ఈనే రోజు దగ్గర పడితే పొదుగు నిండుతుంది. తోక మొదట్లో రెండు పక్కలా గుంటలు పడతాయి. జిగురు తీగలు కారుతాయి. బర్రె మాటిమాటికీ లేస్తుంది, పడుకుంటుంది.

కొట్టంలో పేడ, ఉచ్చ లేకుండా చేయాలి. కింద పొడి వరిగడ్డి మందంగా పరవాలి. చలిగాలి వచ్చే పక్క గోనె పట్టాలు కట్టాలి. పైన మాత్రం గాలి ఆడే సందు ఉంచాలి.

బొగ్గు దొరికే చోట ఇంకో జాగ్రత్త అవసరం. కొందరు చలికి కొట్టం మూసి లోపల బొగ్గు కుంపటి పెడతారు. అది ప్రాణానికే ముప్పు. గాలి చాలక మండే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే గ్యాసు వస్తుంది. దానికి రంగు లేదు. వాసన లేదు. బాయి లోపల నిప్పు అంటుకుంటే కార్మికులు భయపడేది ఈ గ్యాసుకే. ఇంగ్లండు గనుల్లో 1980ల దాకా చిన్న పిట్టలను పంజరంలో పెట్టి లోపలికి తీసుకుపోయేవారు. గ్యాసు ఉంటే మనిషి కన్నా ముందు పిట్ట పడిపోయేది. మూసిన కొట్టంలో కుంపటి పెడితే దూడకూ, పక్కన పడుకున్న మనిషికీ అదే గతి. దూడకు పొడి గడ్డి, గోనె పట్టా చాలు.

ఒక ఇంటి ముచ్చట

రాత్రి పది దాటింది. కొడుకు రాత్రి షిఫ్టుకు పోయాడు. ఇంట్లో అత్త, కోడలు, చంటిపిల్ల ఉన్నారు. కొట్టంలో బర్రె నొప్పులు పడుతోంది.

"అత్తమ్మా, నీళ్ల సంచి పగిలింది" అన్నది కోడలు. గడియారం చూసి క్యాలెండర్ మీద 10-20 అని రాసింది.

"టైము ఎందుకు రాస్తున్నవే?" అని అడిగింది అత్త.

"గంటల దూడ కాళ్లు కనబడాలె. రెండు ముంగాళ్లు, వాటి మీద మూతి రావాలె. గట్ల రాకుంటే డాక్టర్ సారుకు ఫోన్ చేయాలె. మనం చెయ్యి పెట్టి గుంజొద్దు."

కాళ్లు, మూతి సరిగానే వచ్చాయి. పదకొండు కాకముందే దూడ పడింది. దుడ్డె పుట్టింది. కోడలు దాని ముక్కులో, నోట్లో ఉన్న జిగురు శుభ్రమైన బట్టతో తుడిచింది. బర్రె దూడను నాకింది. అత్త పొడి గోనె పట్టాతో ఒళ్లు గట్టిగా రుద్దింది. కోడలు బొడ్డును రెండు అంగుళాలు వదిలి దారంతో కట్టింది. కొత్త బ్లేడుతో దారం కింద కోసింది. కోసిన చోట టింక్చర్ అయోడిన్ పెట్టింది.

తర్వాత గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగింది. దుడ్డెను పొదుగు దగ్గరికి తీసుకుపోబోయింది. అత్త అడ్డం వచ్చింది.

"ఆగవే. మాయ ఇంకా పడలె. మాయ పడకముందు పాలు తాపితే లోపల్నే ఉంటదట. మా అత్త కాలం నుంచి గిట్లనే చేస్తున్నం."

"మరి పోయినేడు దుడ్డె ఎందుకు సచ్చిపోయింది అత్తమ్మా?"

అత్త మాట్లాడలేదు. పోయిన చలికాలం కూడా మాయ కోసం చూశారు. తెల్లారినాక దుడ్డెకు పాలు తాపారు. మూడో రోజుకు తెల్ల పారుడు పట్టుకుంది. అయిదో రోజుకు చనిపోయింది. దూడ లేక బర్రె చేపలేదు. ఇంట్లో పాలు లేవు, పాల పైసలు లేవు.

"గంటలోపల తాపాలె అని సారు చెప్పిండు" అన్నది కోడలు. "దూడ చన్ను చీకితె బర్రె చేపుతది. అప్పుడే గర్భసంచి గూడ ముడుచుకుంటది. మాయ పడ్డానికి అది సాయమే అయితది."

"ముర్రుపాలు ఎక్కువైతే పారుకుంటది గదనే?"

"కడుపుల ఉన్న నల్ల పేడ బయటికి పోవాలె గద అత్తమ్మా. అది రోగం కాదు."

అత్త కాసేపు ఊరుకున్నది. తర్వాత మెల్లగా అన్నది: "నీ మొగడు పుట్టినప్పుడు నేను ముర్రుపాలు పిండి పారబోసిన. మంత్రసాని గట్లనే చెప్పింది. నీ బిడ్డకు దవాఖానల నర్సమ్మ గంటల్నే పట్టించింది. నేను వద్దన్నా ఇనలె."

"బిడ్డ మంచిగున్నది గద అత్తమ్మా."

"ఉన్నది. సరే, పట్టు."

దుడ్డె కాళ్లు వణుకుతున్నాయి. అత్త దాని నడుం పట్టుకుని నిలబెట్టింది. కోడలు ప్రతి చన్ను నుంచి నాలుగు ధారలు తీసి పారబోసింది. తర్వాత చన్ను దుడ్డె నోట్లో పెట్టింది. మొదట జారిపోయింది. రెండోసారి చీకింది. గడియారంలో 11-40 అయింది.

మాయ తెల్లవారుజామున పడింది. అప్పటికి దుడ్డె రెండుసార్లు పాలు తాగింది. కోడలు ఆ టైము కూడా రాసింది.

జున్నుపాలలో ఏముంది?

ఈనినాక వచ్చే మొదటి పాలు చిక్కగా, పచ్చగా ఉంటాయి. వీటిని జున్నుపాలు అంటారు. ముర్రుపాలు అని కూడా అంటారు. వీటిలో రోగాలను ఆపే శక్తి ఉంటుంది.

మనిషి బిడ్డకు ఆ శక్తి కొంత తల్లి కడుపులోనే అందుతుంది. దూడకు కడుపులో అందదు. ఏమీ లేకుండానే పుడుతుంది. దానికి ఆ శక్తి జున్నుపాల నుంచే రావాలి.

పుట్టినప్పుడు దూడ పేగుకు ఒక తలుపు తెరిచి ఉంటుంది అనుకోండి. ఆ తలుపులోంచే ఈ శక్తి రక్తంలోకి పోతుంది. గంటగంటకూ ఆ తలుపు మూసుకుంటూ వస్తుంది. ఒక రోజు గడిస్తే పూర్తిగా మూసుకుంటుంది. తర్వాత ఎన్ని జున్నుపాలు తాపినా కడుపు నిండుతుంది గానీ ఆ శక్తి రక్తంలో చేరదు. అందుకే మొదటి గంటలోనే తాపాలి. ఎంత ఆలస్యమైనా రెండు గంటలు దాటొద్దు.

ఎన్ని పాలు తాపాలి? దూడ బరువులో పదో వంతు. దూడ 30 కిలోలు ఉంటే రోజుకు 3 లీటర్లు. ఒక్కసారే తాపొద్దు. నాలుగుసార్లు తాపితే ఒక్కోసారి ముప్పావు లీటరు. దున్న దూడ పుట్టినా ఇంతే తాపాలి.

దూడ తాగినాక మిగిలిన పాలతో జున్ను వండుకోవచ్చు. బెల్లం, మిరియాలు, యాలకులు వేసి వండి ఇరుగుపొరుగుకు పంచే ఆచారం మంచిదే. ముందు దూడ వంతు. తర్వాతే మన వంతు.

మాయ సంగతి

మాయ మామూలుగా 8 నుంచి 12 గంటల లోపల పడుతుంది. ఆలస్యమైతే గుంజొద్దు. రాయి, చెప్పు లాంటి బరువు కట్టొద్దు. గర్భసంచి చిరిగి చీము పట్టే ప్రమాదం ఉంది. 12 గంటలు దాటితే డాక్టరుకు చెప్పాలి.

పడిన మాయను బర్రె తినకుండా, కుక్కలు గుంజకుండా లోతుగా గుంట తీసి పాతిపెట్టాలి. ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు. చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కోవాలి. తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. కడుపుతో ఉన్న ఆడవాళ్లు ఈ పని చేయొద్దు.

నెలలు నిండకుండానే బర్రె ఈసుకుపోతే ఇంకా జాగ్రత్త. అది బ్రూసెల్లా రోగం కావచ్చు. అది మనుషులకూ అంటుతుంది. విడవని జ్వరం, కీళ్ల నొప్పులు వస్తాయి. ఆడ దూడకు 4 నుంచి 8 నెలల వయసులో ఒక్కసారి టీకా వేయిస్తే ఈ రోగం రాకుండా కాపాడుకోవచ్చు. 2019లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన పథకం కింద ఈ టీకా, గాలికుంటు టీకా ఉచితంగా వేస్తున్నారు. పాలు ఎప్పుడూ కాచి తాగాలి.

ఈనిన తర్వాత

బాగా పాలిచ్చే పశువు ఈనిన రెండు మూడు రోజుల్లో ఒక్కోసారి కూలబడుతుంది. మెడ పక్కకు తిప్పి పడుకుంటుంది. చెవులు చల్లబడతాయి. దీన్ని పాలజ్వరం అంటారు. పేరుకు జ్వరమే గానీ ఒళ్లు చల్లగా ఉంటుంది. రక్తంలో కాల్షియం తగ్గడం వల్ల ఇలా అవుతుంది. ఇది నాటు మందుతో ఆగేది కాదు. డాక్టరు వెంటనే కాల్షియం ఎక్కిస్తే పశువు లేస్తుంది.

దూడకు పది రోజులు దాటినాక ఏలిక పాముల మందు తాపించాలి. బర్రె దూడలకు ఈ పాములు తల్లి పాల ద్వారా కూడా వస్తాయి. మందు ఎంతో డాక్టరు చెబుతాడు. బొగ్గు లారీలు తిరిగే దారి పక్క గడ్డి కోస్తే కడిగి, దులిపి వేయాలి. తాగే నీళ్ల తొట్టిలో బొగ్గు దుమ్ము పడకుండా చూడాలి.

తెలంగాణలో 2017లో సంచార పశు వైద్యశాలలు మొదలయ్యాయి. వాటిని పిలవడానికి పెట్టిన నంబరు 1962. ఈ నంబరుతో పాటు మీ ఊరి పశువుల దవాఖాన నంబరు, గోపాలమిత్ర నంబరు కొట్టం గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి. రాత్రిపూట వెతుక్కునే పని ఉండదు.

గుర్తుంచుకోండి

1. సూది వేయించిన తేదీ రాయాలి.
2. మూసిన కొట్టంలో బొగ్గు కుంపటి పెట్టొద్దు.
3. మాయ పడేదాకా ఆగొద్దు. గంటలోపల దూడకు జున్నుపాలు తాపాలి.
4. మాయను గుంజొద్దు. 12 గంటలు దాటితే డాక్టరును పిలవాలి.
5. పసిబిడ్డకు కూడా పుట్టిన గంటలోపల తల్లి ముర్రుపాలు పట్టాలి.

కొత్త మాటలు

ఈత - పశువు దూడను కనడం
చేపడం - పొదుగులోకి పాలు దిగడం
ఈసుకుపోవడం - పశువుకు గర్భం పోవడం

జవాబులు రాయండి

1. కోడలు క్యాలెండర్ మీద టైము ఎందుకు రాసింది?
2. అత్త మొదట ఎందుకు అడ్డం వచ్చింది? తర్వాత ఎందుకు ఒప్పుకుంది?
3. జున్నుపాలు మరునాడు తాపితే ఏం నష్టం?

లెక్క చేయండి

1. దూడ బరువు 28 కిలోలు. రోజుకు ఎన్ని లీటర్ల జున్నుపాలు తాపాలి? నాలుగుసార్లు తాపితే ఒక్కోసారికి ఎంత?
2. బర్రె రోజుకు 5 లీటర్ల పాలు ఇస్తుంది. మీ ఊళ్లో లీటరు ధర ఎంత? 30 రోజులకు ఎంత వస్తుంది? దూడ చనిపోయి బర్రె చేపకపోతే నెలకు పోయేది అంతే.

మాట్లాడుకోండి

మీ ఊళ్లో మాయ పడేదాకా దూడకు పాలు ఆపుతున్నారా? ఈ పాఠం మీ అత్తకు, అమ్మకు, పక్కింటివాళ్లకు చదివి వినిపించండి. వాళ్లు ఏమన్నారో రెండు మాటల్లో రాయండి.