అధివృక్క గ్రంథి : గర్భమందు దాని పుట్టుక

విద్యార్థులారా, మన మూత్రపిండములపై టోపీవలె నమరియుండు చిన్న గ్రంథులను అధివృక్క గ్రంథులందురు. ఇవి చెడిన రోగులు క్రమముగా క్షీణించి మరణించుటను 1855లో ఆంగ్లవైద్యుడగు థామస్ ఆడిసన్ వర్ణించెను.

ఈ గ్రంథి వెలుపలి భాగము వల్కలము, లోపలిది దవ్వ. సిరిసిల్ల మగ్గముపై పడుగును పేకయు వేర్వేరుగా వచ్చి యొకే వస్త్రమగునట్లు, ఈ రెండు భాగములును వేర్వేరు తావుల బుట్టి యొకటగును. ఈ సంగతిని ప్రయోగశాలలోని చుంచెలుకలయందు చక్కగా చూడవచ్చును. వాని గర్భకాలము సుమారు 20 దినములే. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థవారును పరిశోధనలకై ఎలుకలను దీర్ఘకాలము పెంచిరి.

పదవ దినము ప్రాంతమున పిండముయొక్క ఉదరకుహరపు పొరనుండి కొన్ని కణములు గుమిగూడును. వీనినుండియే వల్కలమును, బీజకోశములును కలుగును; త్వరలోనే యవి వేరుపడును. పండ్రెండవ దినము ప్రాంతమున నాడీశిఖరము సంతతియగు కణములు వల్కలములోనికి వచ్చి చేరి దవ్వయగును. వీనిలో పెక్కు నరముల వెంబడియే పయనించి వచ్చునని 2017లో తేలినది. భయము కలిగినంతనే దవ్వనుండి అడ్రినలిన్ వెలువడుటకు ఈ నాడీబంధుత్వమే కారణము. పిమ్మట గ్రంథిచుట్టును గట్టిపొర యేర్పడును.

ఎస్.ఎఫ్.1 అను జన్యువును తొలగించిన చుంచెలుకలు ఈ గ్రంథులు లేకయే జన్మించి, కొలది దినములలో మరణించునని 1994లో కనుగొనిరి. వల్కలస్రావము మిక్కిలి తక్కువైన తల్లీపిల్లలను మరుసటి యేట పరీక్షింపగా, పిల్లల ఊపిరితిత్తులు పక్వము గాక, పుట్టినంతనే ఊపిరాడక చనిపోయెను. గర్భకాలమున తల్లికి ఆ స్రావమునిచ్చినచో పిల్లలు బ్రదికెను.

అయినను ఎలుకకు చెల్లునదంతయు మనుష్యునకు చెల్లదు. ఎలుకల ముఖ్యస్రావము కార్టికోస్టిరోన్, మనది కార్టిజాల్. మానవపిండమునందు ఈ గ్రంథి మిక్కిలి పెద్దదై, జననానంతరము కుంచించుకొనిపోవును.

ఊపిరితిత్తుల విషయమున మాత్రము పోలిక గలదు. నెలలు నిండకమునుపే ప్రసవించు తల్లులకు ఇట్టి ఔషధమునిచ్చిన శిశువుల శ్వాసబాధ తగ్గునని న్యూజీలాండునందు లిగ్గిన్స్, హౌవీ అను వైద్యులు 1972లో ప్రకటించిరి. సూదిమందు పూర్తిగా పనిచేయుటకు సుమారొక దినము పట్టును. కావున తలిదండ్రులారా, కొండగట్టు చుట్టుపట్ల పల్లెలలో నెవరికైన నెలలు నిండకయే నొప్పులు తోచినచో, తెల్లవారనిమ్మని యింట నుంచుకొనక, వెంటనే జగిత్యాలకో కరీంనగరమునకో తోడ్కొనిపోవలెను. ఆ కొలది గడియలే బిడ్డకు ఊపిరి యగును.

ప్రశ్నలు
1. వల్కలమును, దవ్వయు వేనినుండి కలుగును?
2. ఈ విద్యకు చుంచెలుక యేల తగినది?
3. నెలలు నిండని ప్రసవమున ఆలస్యమేల కూడదు?